నిలవడ్డ రైలుకు దీపం

మామ పోయిండన్న కబురు వచ్చినప్పుడు నేను ఎర్తుగుంతల నీళ్లు పోస్తున్న.

ఆ పొద్దు రోజటి లెక్కనే తెల్లారింది. లేచి వాకిలి ఊడ్చి, సానుపు చల్లి ముగ్గేసిన. బెల్లంపల్లిల బొగ్గుబాయిలు ఒక్కొక్కటి మూతపడుతున్నయి గాని చీపురుకు నల్లటి దుమ్ము ఇంక అంటుతనే ఉన్నది. తానం చేసి దేవుని కాడ దీపం ముట్టిచ్చిన. నామం చదువుకున్న. తులసికి నీళ్లు పోసి, చెంబుల మిగిలినయి గోడ పక్కనున్న ఎర్తుగుంతల పోసుడు నాకు అలవాటు.

ఆ గుంత మామ తవ్విందే. మేం ఈ ఇంట్లకు కొత్తగ వచ్చినప్పుడు చుట్టాలు బట్టలు తెచ్చిండ్రు, గిన్నెలు తెచ్చిండ్రు. మామ ఒక రాగి పలక, ఒక ఉప్పు సంచి, ఒక బొగ్గు సంచి తెచ్చిండు. గోడ పక్కన నడుంలోతు తవ్వి, అడుగున రాగి పలక పెట్టి, మీద ఒక వరుస ఉప్పు, ఒక వరుస బొగ్గు పోసి పూడ్చిండు. అక్కడినుంచి ఇంట్లకు తీగ గుంజిండు. "బిడ్డా, ఇంట్ల కరెంటు ఎక్కడన్న తొవ్వ తప్పితే మనిషి మీదికి రావొద్దు, భూమిలకు పోవాలె. గుంత ఎండితే పోదు. రోజు తులసికి పోసేటప్పుడు దీనికి గూడ ఇన్ని పొయ్యి" అన్నడు. అప్పటి సంది పోస్తున్న. తులసి కాడ చదువుకునే మాటలు, గుంత కాడికి వచ్చేసరికి గూడ నోట్ల నడుస్తనే ఉంటయి.

చెంబు ఇంక వంచే ఉన్నది. కిరాణం దుకాణం ఆయన గేటు కాడికి వచ్చిండు.

"అక్కా, ఖని నుంచి ఫోన్. మీ తమ్ముడు లైన్ల ఉన్నడు. జల్ది రమ్మంటున్నడు."

నా తమ్ముడు గోదావరిఖనిలనే కంపెనీ ఆఫీసుల పని చేస్తడు. మామ ఇంటికి దగ్గర్లనే ఉంటడు. ఫోన్ల ఎక్కువ చెప్పలే.

"అక్కా, మామ పోయిండు. ఛాయ్ తాగి కుర్సిల కూసున్నడు. గట్లనే పోయిండు. నువ్వు రా."

"అత్త ఎట్లున్నది?"

"మంచిగనే ఉన్నది. ఏడుస్తలేదు. రైలు పట్టాలు మాత్రం తియ్యనిస్తలేదు."

ఆ మాట నాకు అర్థమైంది. చదివేటోళ్లకు అర్థం కావాల్నంటే మామ గురించి మొదటి నుంచి చెప్పాలె. రామగుండం దాక ప్యాసింజర్ల కిటికీ పక్కన కూసోని నేను గూడ మొదటి నుంచే తలుచుకున్న.

మామ అంటే మా అమ్మకు ఆఖరి తమ్ముడు. నాకంటే ఓ పదేండ్లు పెద్దోడు. మా బాపు బొగ్గుబాయిల పనికి కుదిరినంక, ఊర్ల పొలం కాడ ఉన్న మామను గూడ బెల్లంపల్లికి పిలిపిచ్చుకున్నడు. నన్ను బడికి సైకిల్ మీద దించింది మామనే. తర్వాత ఆయనకు గూడ బాయిల కరెంటు పని దొరికింది. పెండ్లయినంక గోదావరిఖనికి బదిలయి, రిటైరయ్యేదాక అక్కడనే చేసిండు. వాళ్లకు పిల్లలు లేరు. నేను, తమ్ముడు, చెల్లె, మా ముగ్గురి మీదనే వాళ్లిద్దరి పానం.

భూమి లోపల కరెంటు పని చేసేటోనికి ఎర్తు అంటే ఎంత పెద్ద సంగతో మామను చూస్తే తెలిసేది. ఏ మిషన్ విప్పినా, మల్ల మూసే ముందు దాని ఇనుప ఒంటికి ఎర్తు తీగ బిగిచ్చి, చేతితోని ఒక్కసారి గుంజి చూసేటోడు. "ముందు ఎర్తు, తర్వాత ముచ్చట" అనేటోడు. బాయిల తడి, ఇనుము, మనుషులు ఒక్క కాడనే ఉంటరు. ఆయనతోని పని చేసినోళ్లు ఒక్కలు గూడ కరెంటు దెబ్బకు పోలే. ఈ సంగతి ఆయన ఎన్నడు చెప్పుకోలే. వాళ్లే వచ్చి మాకు చెప్పేటోళ్లు.

ఆ అలవాటు బయట గూడ పోలే. చుట్టాలింటికి పోతే కూలర్ ఎనుకకు పొయ్యి వంగి చూసేటోడు. మా చెల్లెకు సంబంధం చూడనీకి పోయినప్పుడు గూడ అట్లనే చేసిండు. వాళ్లు ఫలహారం పెట్టి చూస్తే మనిషి లేడు. కూలర్ ఎనుక ఉన్నడు. "పిలగాన్ని చూడనీకి వచ్చినవా, కూలర్‌ను చూడనీకి వచ్చినవా?" అని అత్త అందరి ముందరనే అడిగింది. మామ లేచి చేతులు దులుపుకొని "రెండు మంచిగనే ఉన్నయి" అన్నడు. సంబంధం ఖాయమైంది.

వాళ్లది షిఫ్టుల కాపురం. మామ రాత్రి డ్యూటీ దిగి పొద్దున ఇంటికి వచ్చేసరికి అత్త నీళ్లకు లైన్ల నిలవడేది. మామ పండుకుంటే అత్త గిన్నెలు చప్పుడు గాకుంట తోముకునేది. ఆమె పండుకునే యాళ్లకు ఆయన టిఫిన్ పట్టుకొని బయలెల్లేటోడు. "మేమిద్దరం మాట్లాడుకున్నదానికంటే బాయి సైరన్ మాతోని మాట్లాడిందే ఎక్కువ" అనేది అత్త. నవ్వుకుంటనే అనేది.

ఇంకొక్క సంగతి చెప్పాలె. లగ్గమైన కొత్తల ఒకనాడు మామ డ్యూటీ దిగే యాళ్ల దాటినా ఇంటికి రాలే. అత్త దేవుని కాడ దీపం పెట్టుకొని కూసున్నది. గాలికి దీపం ఆరింది. మల్ల ముట్టిద్దామంటే ఆమెకు చేతులు ఆడలేదట. మామ పొద్దుగూకినంక వచ్చిండు. లోపల బొగ్గు టబ్బులు పట్టాలు తప్పి తొవ్వ మూసుకపోయింది, అంతే. మామ నవ్విండు. అత్త నవ్వలే. అప్పటి సంది తన కండ్ల ముందర ఏ దీపం ఆరినా ఆమెకు సయించదు. పూజ దీపం కొండెక్కే ముందే నూనె పోస్తది. కందిలి బందు చెయ్యాల్నంటే మామనే చెయ్యాలె.

ఎనభైలల్ల ఖనిల ఒక బాయికి బొగ్గు కోసే కొత్త మిషన్ విదేశం నుంచి వచ్చింది. దాన్ని బిగిచ్చెతందుకు ఒక తెల్లసారు వచ్చిండు. ఆయనకు తోడు మామను వేసిండ్రు. ఆయన మాట ఈయనకు రాదు, ఈయన మాట ఆయనకు రాదు. ఇద్దరు కాగితం మీద గీతలు గీసుకొని పని నడిపిచ్చుకున్నరు. గెస్ట్‌హౌజ్ తిండి కారమని తెల్లసారు ఎండిపోతున్నడని మామ ఇంట్ల చెప్పిండు. అప్పటి సంది అత్త రోజు ఆయనకు పెరుగన్నం కట్టి పంపిచ్చేది.

మన దిక్కు పెద్దోళ్లు సెలవు దినం పత్తాలు ఆడినట్టు, వాళ్ల దిక్కు పెద్దోళ్లు బొమ్మ రైళ్లు నడుపుతరట. తెల్లసారు ఒక పెట్టెల పట్టాలు, రెండు ఇంజన్లు, నాలుగు డబ్బాలు వెంట తెచ్చుకున్నడు. ఆదివారం గెస్ట్‌హౌజ్ బల్ల మీద నడుపుకునేటోడు. పని అయిపోయి పోయేనాడు ఆ పెట్టె పట్టుకొని క్వార్టరుకు వచ్చిండు. ఆవిరింజను లెక్క ఉన్న నల్లదాన్ని తీసి, అన్నం తిన్నట్టు చెయ్యి చూపిచ్చి, అత్త ముందర పెట్టిండు. డీజిలింజను లెక్క ఉన్న ఎర్రదాన్ని మామ చేతిల పెట్టిండు. మొక్కి పోయిండు.

"పెరుగన్నం పెడితే ఇంజన్ ఇచ్చిండు. బిర్యానీ పెట్టుంటే స్టేషనే ఇచ్చిపోవునేమో" అన్నది అత్త.

ఆ ఇంజన్లు అరచెయ్యి కంటే కొంచెం పొడుగు. ముందర మెంతిగింజంత లైటు. పట్టాలల్ల కరెంటు పోతది, పక్కన ఒక పెట్టె, దానికొక నాబ్. నాబ్ తిప్పితే కరెంటు ఎక్కువై రైలు ఉరుకుతది. ఎనుకకు తిప్పితే కరెంటు తగ్గి ఆగుతది. కరెంటే పోయినంక లైటు ఎక్కడుంటది? రైలు నిలవడితే లైటు గూడ ఆరిపోయేది.

గదే అత్తకు నచ్చలే. "నిలవడితే దీపం ఆరుడేంది? మనిషి ఆగి ఊపిరి తీసుకోవద్దా?" అనేది. అందుకని ఆమె రైలు ఆపకపోయేది. మెల్లగ తిప్పుకుంట కూసునేది. "ఇగో, జర వచ్చి దీన్ని వట్టుకో, పాలు పొంగుతున్నయి" అని పిలిచేది. మామ వచ్చి నాబ్ పట్టుకుంటే ఆమె పొయ్యి పాలు దించి వచ్చేది. ఆటంతా అయినంక రైలు బందు చేసే యాళ్లకు అత్త వంటింట్లకు పోయేది. ఆమె అటు పోయినంక మామ ఆపేటోడు. ఇద్దరు ఆ సంగతి మాట్లాడుకోకపోయేటోళ్లు.

ఇంకో తిప్పలు ఉండె. రెండు ఇంజన్లు ఒక్కసారి పెడితే ఒక్క నాబ్‌కే రెండు ఉరుకుతయి. ఒకటి జోరుది, ఒకటి నిమ్మళంది. జోరుది పొయ్యి నిమ్మళందాన్ని గుద్దేది. అందుకే ఒకరు నడిపితే ఒకరు చూసుకుంట కూసునేది. "ఇక్కడ గూడ షిఫ్టులే" అన్నది అత్త.

మామ రిటైరయి క్వార్టరు ఖాళీ చేసినంక కాలనీ ఆఖర్ల చిన్న ఇల్లు కట్టుకున్నరు. ముందరి అర్రల నేల మీద పట్టాలు పరిచిండు. ఇగ తియ్యలే. వచ్చినోళ్లు దాటుకుంట పోవాలె. "పట్టాలు దాటేటప్పుడు రెండు దిక్కుల చూసుకోండ్రి" అని అత్త వాకిట్లకెళ్లే అరిచేది. ఖనిల దుమ్ము సంగతి తెలిసిందే. తెల్లారేసరికి పట్టాల మీద సన్నగ నల్లటి పొర పడుతది, ఇంజన్‌కు కరెంటు అందది. అత్త రోజు ముగ్గేసినంక పాత దోతి ముక్కతోని పట్టాలు తుడిచేది. మోకాళ్ల మీద ఆ చివరి నుంచి ఈ చివరి దాక. నేను పోయినప్పుడు ఒక పక్క నుంచి నేను తుడిచేది. నడుమ ఇద్దరం కలిసేది.

జ్యోతినగర్ల ఉండే ఒక ఇంజనీరుకు రైళ్లంటే పిచ్చి. ఎవరో చెప్పంగ విని స్కూటర్ మీద చూడనీకి వచ్చిండు. మంచి మనిషి. చెప్పులు ఇడిచి, నేల మీద బోర్ల పండుకొని రైలు చూసిండు. ఆయననే కొత్త పద్ధతి గురించి చెప్పింది. ఆనాడు నేను అక్కడనే ఉన్న.

"ఇప్పుడు డిజిటల్ అని వచ్చింది పెద్దాయనా. పట్టాలల్ల కరెంటు ఎప్పుడు నిండుగనే ఉంటది. ఒక్కో ఇంజన్ల ఒక్కో చిన్న చిప్పు పెడ్తరు. దానికొక నంబరు. పెట్టె మీద నంబరు పిలిచి నడువు అంటే ఆ నంబరుదే నడుస్తది. పక్కది కదలది."

మామ అన్నడు, "అంటే సైరన్ లెక్క."

"ఎట్లా?"

"సైరన్ ఊరందరికి ఇనవడ్తది గద సారూ. లేచి పోయేది డ్యూటీ ఉన్నోడే."

ఇంజనీరు నవ్వి, "నేను ఇంత మంచిగ చెప్పలేకపోయిన" అన్నడు.

వంటింట్ల నుంచి అత్త అడిగింది. "సారూ, మరి నిలవడితే లైటు?"

"లైటుకు వేరే ఆర్డర్ అమ్మా. బండి నిలవడ్డా లైటు ఎలుగుతనే ఉంటది."

ఆనాటి ఛాయ్‌ల చక్కెర ఎక్కువ పడ్డది.

ఆ మాట మామ మనసుల దిగింది. కొద్ది దినాలకు ఆ ఇంజనీరు ట్రైనింగ్ కోసం విదేశం పోవాల్సి వచ్చింది. మామ అడిగితే, రెండు నాబులున్న కొత్త పెట్టె, రెండు చిప్పులు తెచ్చిండు. చిప్పు అంటే గోరంత పచ్చటి పలక, దానికి వెంట్రుకలంటి రంగు తీగలు.

కొత్త ఇంజన్లల్ల చిప్పు పెట్టెతందుకు జాగ ముందుగాలనే ఉంటదట. ఇవి పాతయి. అందుల నల్లది మరీ పాతది. దాని మోటరు ఒక పక్క నేరుగ ఇనుప బాడీ మీదనే కూసుంటది, బాడీకి పట్టాల కరెంటు వస్తది. చిప్పు పెట్టాల్నంటే కరెంటు ముందుగాల చిప్పులకు వచ్చి, చిప్పు నుంచే మోటరుకు పోవాలె. ఇంజనీరు బొమ్మ గీసి చూపిచ్చి మరీ చెప్పిండు. "మోటరు బాడీకి ఏ పక్క తగులొద్దు. తగిలితే చిప్పు కాలుతది."

మామ తలూపిండు. ముందు అత్త ఇంజన్‌దే పని పట్టుకున్నడు. నేను చెవి నొప్పికి చూపిచ్చుకోనీకి ఖనికి వచ్చి వారం ఉన్న దినాలు అవి. పొద్దుగాల కిటికీ ఎలుగుల పేపర్ పరిచి, కండ్లద్దాల మీద ఇంకో అద్దం పెట్టుకొని కూసున్నడు. మోటరు విప్పిండు. బాడీకి తగిలే రేకు కోసేసిండు. చిప్పు తీగలు ఒక్కొక్కటి అతికిచ్చిండు. బొమ్మల ఉన్నది ఉన్నట్టు చేసిండు. ఇగ మూత బిగియ్యాలె. అప్పుడు ఒక సన్న రాగి తీగ ముక్క తీసి, ఒక కొస మోటరుకు, ఒక కొస బాడీకి అతికిచ్చి, చేతితోని గుంజి చూసుకొని, మూత మూసిండు. నేను చూస్తనే ఉన్న. నాకది వేరే అనిపియ్యలే. మామ ఏ మిషన్ మూసినా అట్లనే మూస్తడు.

పట్టాల మీద పెట్టి పెట్టె ముట్టిచ్చిండు. ఇంజన్ పొగగొట్టం నుంచి సన్నగ పొగ లేచింది.

"ఏందయ్యా, లోపల అగర్బత్తి ముట్టిచ్చినవా?" అన్నది అత్త. నిజం ఆవిరింజనే అనుకొని ముచ్చటపడ్డది. వాసన వచ్చినంక ఊకున్నది.

మామ మూత విప్పి చూసిండు. రాగి తీగను చూసి, తన చేతులు చూసుకున్నడు. "నేను గాదు. చేతులు చేసినయి" అన్నడు.

ముప్పై ఏండ్ల పైన ఎర్తు లేకుంట ఒక్క మూత మూయని చేతులు. ఎర్తు వద్దన్న చోట గూడ అవి ఎర్తే కట్టినయి. వాటిని ఎవరేమంటరు.

రెండు దినాలు ఇంజన్ పేపర్ల చుట్టి అల్మారిల పెట్టిండు. ఇంక ఒక్కటే చిప్పు మిగిలింది. ఎర్రింజను మోటరు ప్లాస్టిక్‌ల కూసుంటది, బాడీకి తగిలే భయం లేదు. చిప్పు దాంట్ల పెడితే ఖాయంగ నడుస్తది. నల్లదాంట్ల పెడితే నమ్మకం లేదు. ఇది గూడ కాలితే, ఇంజనీరు మల్ల ఎన్నడు పోతడో, ఎన్నడు తెస్తడో.

"నీ దాంట్ల పెట్టుకో" అన్నది అత్త. "నేను చూసుకుంట కూసుంట. నాకు అలవాటే."

"నా దాంట్ల పెడితే నీ లైటు ఆరుతనే ఉంటది గదనే" అన్నడు మామ.

మూడో నాడు పొద్దుగాల మల్ల పేపర్ పరిచిండు. కాలిపోయిన ఇస్త్రీ పెట్టె విప్పి లోపలి అభ్రకం రేకు తీసిండు. మోటరు కిందికి అచ్చంగ సరిపోయే ముక్క కోసి పరిచిండు. అభ్రకం మీదికెళ్లి కరెంటు దాటది. మోటరును బిగిచ్చే మర గూడ బాడీకి తగులొద్దు, దానికొక తొడుగు కావాలె. ఇల్లంత ఎతికినా అంత సన్నది దొరకలే. అత్త కాడ పూలబుట్ట ఉండె. బాయిల బొగ్గు పేల్చినంక పారేసే రంగురంగుల సన్న వైర్లు తెచ్చి మా దిక్కు బుట్టలు అల్లుతరు, అట్లాంటిది. అత్త ఆ బుట్ట తెచ్చుకొని, అంచుకున్న పచ్చ వైరు ఒకటి గుంజి మామకు ఇచ్చింది. మామ లోపలి తీగ తీసేసి తొడుగు మరకు ఎక్కిచ్చిండు. సరిగ్గ పట్టింది.

చిప్పు అతికిచ్చుడు అయింది. మూత చేతిల పట్టుకున్నడు. మూస్తలేడు. ఇంకో చెయ్యి పేపర్ మీద ఏందో తడుముతున్నది. రాగి తీగ ముక్క దొరికింది. దాన్ని పట్టుకొని అట్లనే కూసున్నడు.

"ఎర్తు లేకుంట ఎన్నడు మూయలేనే" అన్నడు. మెల్లగ అన్నడు.

అత్త పట్టాలు దాటుకొని వచ్చి ఎదురుంగ కూసున్నది. "ఇగో, ఇటు చూడు. ఇది బాయి గాదు. దీని పక్కన పని చేసేటోడెవ్వడు లేడు. దీని వల్ల ఏ ఇంటి మనిషి పోడు. ముట్టుకునేది నేను. నాకేం గాదు. మూయి."

"నీకేం గాదని నాకు ఎరుకనే."

"ఎరుకైతే మూయి."

మామ ఆ రాగి తీగను అత్త చేతిల పెట్టిండు. "నువ్వు పట్టుకో. నా చేతికి దొరకొద్దు."

అత్త దాన్ని కొంగుకు ముడేసుకున్నది. మామ మూత మూసి మరలు బిగిచ్చిండు. నేను నా ఎరుక లేకుంటనే నామం చదువుకుంటున్న.

పట్టాల మీద పెట్టి, పెట్టె ముట్టిచ్చి, పొగ కోసం ముగ్గురం చూసినం. పొగ రాలే. లైటు ఎలిగింది. ఇంజన్ ఇంక కదలనే లేదు, లైటు ఎలిగింది. మామ నాబ్‌ను అత్త దిక్కు జరిపిండు. ఆమె తిప్పింది. నల్లింజను కదిలి, మంచం కాళ్ల నడుమకెళ్లి పొయ్యి, అల్మారి పక్కకెళ్లి తిరిగి వచ్చింది. అత్త ముందరికి వచ్చినంక ఆమె మామ మొఖం చూసింది. మామ "ఆపు" అన్నడు.

ఆపింది. ఇంజన్ నిలవడ్డది. లైటు ఆరలే.

వంటింట్ల పాలు పొంగి పొయ్యిల పడ్డయి. వాసన వస్తనే ఉన్నది. ఎవ్వరం లేవలే.

మర్సటేడు ఆ ఇంజనీరు మల్ల పోయి వస్తూ ఇంకో చిప్పు తెచ్చిండు. దాన్ని ఎర్రింజన్ల పెట్టుడు అల్కగనే అయింది. నంబర్లు పెట్టేటప్పుడు అత్త తనకు ఒకటో నంబరు కావాలన్నది. "ఇంట్ల ఒకటో నంబరు నేనే గద." మామ బాయిలకు దిగేటప్పుడు నెత్తికి పెట్టుకునే లైటుకు ఒక నంబరు ఉండె. అందుల చివరి అంకెలే ఎర్రింజనుకు పెట్టుకున్నడు.

ఇగ అప్పటి సంది రోజు మాపటికి ఇద్దరు చెరొక నాబ్ పట్టుకొని కూసునేటోళ్లు. ఒక్క పట్టాల మీదనే రెండు బండ్లు. ఒకటి పోతుంటే ఒకటి పక్క లైన్ల ఆగుతది, లైటు ముట్టిచ్చుకొని. ఒకనాడు నేను పోయేసరికి అత్త అన్నది, "చూసినవా బిడ్డా, ఇన్నేండ్లకు ఇద్దరిది ఒక్కటే షిఫ్టు పడ్డది." మామ తన బండిని కూత పెట్టినట్టు జర జోరు చేసిండు.

ఆ ఇల్లు తలుచుకుంటే నాకు ఇప్పటికి ఆ మాపటి యాళ్లనే గుర్తొస్తది. ప్రార్థన చేసుకునేటప్పుడు గూడ మామ చెప్పిన సైరన్ మాట యాదికొస్తది. కరెంటు అందరి కింద నిండుగనే ఉన్నది. మన నంబరు పిలిచినప్పుడు కదలాలె. పిలువనప్పుడు నిమ్మళంగ నిలవడాలె. నాకు ఇంతకంటే ఎక్కువ తెల్వది.

నేను పోయేసరికి మామను వాకిట్ల పండవెట్టిండ్రు. మొఖం నిద్రపోయినట్టే ఉన్నది. అత్త నన్ను చూసి, చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకపోయింది. ముందరి అర్రల పట్టాలు పరిచినయి పరిచినట్టే ఉన్నయి. కుర్సి, పక్కన ఛాయ్ గ్లాసు.

"నేను వంటింట్ల ఉన్న" అన్నది అత్త. "బండి చప్పుడు ఇనవడుతనే ఉన్నది. ఉప్మా తిను రా అని పిలిస్తే పలుకలే. వచ్చి చూస్తే గిట్ల కూసున్నడు. ఎర్రది మెల్లగ తిరుగుతనే ఉన్నది. చెయ్యి నాబ్ మీదనే ఉన్నది. నేను ఆ చెయ్యి తీసి, బండిని పక్క లైన్లకు తెచ్చి ఆపిన." పక్క లైన్ల ఉన్న ఎర్రదాన్ని చూపిచ్చింది. "నేనే ఆపిన. లైటు ఆరలే. తర్వాత జనం వచ్చిండ్రు. ఎవరో ప్లగ్గు తీసిండ్రు."

అప్పుడు ఆమె గొంతు మారింది. ఆనాడంత ఆమె గొంతు మారింది అప్పుడొక్కసారే.

గోదావరి ఒడ్డున కార్యం అయింది. ఆయనతోని బాయిల పని చేసినోళ్లు చాన మంది వచ్చిండ్రు. తానాలు చేసి ఇంటికి వచ్చినోళ్లు ఆనవాయితీ ప్రకారం దీపం చూసి ఎల్లిపోయిండ్రు. పానం పోయిన జాగల దీపం పెట్టాలంటరు. ఆయన పానం పోయింది పట్టాల నడుమ, కుర్సిల. కుర్సి జరిపి అక్కడనే పెట్టినం.

పొద్దుగూకే యాళ్లకు ఇంటోళ్లం మిగిలినం. గోడకు ఒరిగి అత్త, పక్కన చెల్లె, గడప కాడ తమ్ముడు, నేను.

తమ్ముడే మాట తీసిండు. "దినాలయ్యేదాక జనం వస్తనే ఉంటరు. ఈ అర్రల అడుగు పెట్ట జాగ లేదు. పట్టాలు మంచిగ విప్పి పెట్టెల పెడ్త అత్తా. ఒక్కటి గూడ ఇరగనియ్య. తర్వాత సూద్దాం."

"తర్వాత ఎవరు పరుస్తరు?" అన్నది చెల్లె. "ఆ మలుపులు పరిచెతందుకు మామకే ఎన్ని దినాలు పట్టిందో."

"జనం తొక్కితే ఏం మిగుల్తదే మరి? పొద్దున అందుకే ప్లగ్గు గూడ తీసిన."

అత్త తల ఎత్తి చూసింది. తీసింది ఎవరో ఆమెకు అప్పుడు తెలిసింది.

తమ్ముడు నా దిక్కు చూసిండు. "అక్కా, పెద్దదానివి. నువ్వు చెప్పు."

నేను అత్తను అడిగిన. "అత్తా, నీకు ఎట్లుంటే నిమ్మళం?"

ఆమె కొంగు కొస చేతులకు తీసుకొని జర సేపు చూసుకుంట కూసున్నది.

"ఆయన బండి ఆగింది. ఆగుడు ఉంటది, నాకు ఎరుకనే" అన్నది. "ఆగినా లైటు ఆరొద్దనే గద ఆయన గింత చేసింది. నేను ఆపిన గని ఆర్పలే బిడ్డా."

తమ్ముడు గడప కాడి నుంచి లేచి వచ్చి ఆమె కాళ్ల కాడ కూసున్నడు. "తెల్వక తీసిన అత్తా."

"తెల్వకనే తీసినవు. మల్ల పెట్టు."

ఆ మాపటికి మేం అనుకున్నయి ఇవి. పట్టాలు తియ్యం. దినాలకు వచ్చేటోళ్లను వాకిట్ల టెంటు కింద కూసోవెడ్తం, తిండి గూడ అక్కడనే. అత్త ఈ ఇల్లు ఇడిచి ఎటు రాదు. నెల మాసికం దాక నేను ఉంట, తర్వాత చెల్లె వచ్చి కొన్నొద్దులు ఉంటది, తమ్ముడు రోజు వచ్చి పోతడు. ఇంట్ల ఎవరుంటే వాళ్లు తెల్లారి అత్తతోని పట్టాలు తుడువాలె. ఎర్రింజను పక్క లైన్ల ఉంటది. దాని నంబరును నడువుమని ఎవ్వరం పిలువొద్దు, చుట్టాల పిల్లలు అడిగినా సరే. లైటు మాత్రం ఉండాలె.

"కరెంటు పోతే?" అన్నడు తమ్ముడు.

"పోతే మల్ల వస్తది" అన్నది అత్త.

తమ్ముడు ప్లగ్గు పెట్టిండు. అత్త పెట్టె ముందుకు జరిగి మామ నంబరు నొక్కి, లైటు ఒక్కటి ముట్టిచ్చింది. తర్వాత తన ఒకటో నంబరు పిలిచింది. నల్లింజను కదిలింది. నూనె దీపం చుట్టు మెల్లగ తిరిగి, మంచం కిందికెళ్లి, అల్మారి పక్కకెళ్లి వచ్చి, ఎర్రదాని పక్కన నిలవడ్డది. బయట వీధిల డ్యూటీ దిగినోళ్ల సైకిళ్లు పోతున్నయి. అత్త నాబ్ మీది నుంచి చెయ్యి తీసి ఒడిల పెట్టుకున్నది. నిలవడ్డ రెండు బండ్ల ముందర మెంతిగింజంత లైట్లు రెండు ఎలుగుతనే ఉన్నయి.